నాలుగు గేదెలు, ఎకరంన్నర లంక

మన పత్రికలో ఊటీ, కొడైకెనాల్, కాశీ యాత్రల గురించి చదివినప్పుడల్లా నాకూ ఏదో ఒకటి రాయాలనిపించేది. కానీ నేనెక్కడికి వెళ్ళాను గనక! ఇంటర్‌తో చదువు ఆపేసి, పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వచ్చి, పాతికేళ్ళుగా ఈ రెండు గదుల వాటాలోనే సంసారం. టికెట్టు కొనుక్కుని నేను వెళ్ళే ఊరంటూ ఉంటే అది మా అక్క వాళ్ళ లంక ఒక్కటే. పోనీ దాని గురించే రాద్దామని కూర్చున్నాను.

లంక అంటే రావణాసురుడి లంక కాదండోయ్. గోదావరి పాయల మధ్య తేలిన మెరక భూముల్ని మా కోనసీమలో లంకలంటారు. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు, కొబ్బరిచెట్లు, అరటితోటలు, కూరగాయల మళ్ళు. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లవారుతుండగా సిద్ధాంతం దగ్గర గోదారి వంతెన దాటి రావులపాలెంలో దింపుతాడు. అక్కణ్ణుంచి మరో బస్సులో పి. గన్నవరం. అక్కడ కింద నది, నది మీదుగా పంటకాలువ వెళుతుంటాయి. ఆ అక్విడెక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఉండి, వేళ కాని వేళ ఎవరు తలుపు తట్టినా వండి పెట్టిన మహాతల్లి ఆవిడ. 1909లో పోయారు. అటు వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన, గ్యాసు లేదు, మిక్సీ లేదు, అర్ధరాత్రి అంతమందికి ఎలా వండేవారో అని. నలుగురు చుట్టాలొస్తే నాకు తలనొప్పి వచ్చేస్తుంది.

గన్నవరం నుంచి ఆటోలో ఏటిగట్టు దాకా వెళ్ళి, గట్టు దిగి, పాయ దాటితే అక్క వాళ్ళ ఊరు. శీతాకాలంలో పాయలో నీళ్ళు తగ్గాక అడ్డంగా మట్టిరోడ్డు వేస్తారు. జూలైలో వరద రాగానే అది కొట్టుకుపోతుంది. అప్పట్నుంచీ మళ్ళీ పడవే.

ఇక అసలు విషయం. 2021 డిసెంబరులో మా అమ్మాయి పెళ్ళి చేశాం. ఒక్కగానొక్క కూతురు. అక్క పదిరోజుల ముందే వస్తుందని, పసుపు దంచడం దగ్గర్నుంచి అంతా దాని చేతి మీదుగా జరగాలని నేను ఆశపడ్డాను. అది పెళ్ళినాడు పొద్దున్న దిగింది, తలంబ్రాలు అయిపోగానే సాయంత్రం బస్సెక్కేసింది. అప్పగింతలకి కూడా లేదు! "గేదెలున్నాయే చిన్నీ, ఇవాళ రాత్రికి చేరకపోతే కష్టం" అంది. మా అత్తగారి వైపు వాళ్ళు "మీ అక్కగారు అలిగారా?" అని అడుగుతుంటే నా తల కొట్టేసినట్టయింది. చెల్లెలి కూతురి కన్నా గేదెలు ఎక్కువైపోయాయా అని నా బాధ. ఆ మాట ముఖాన అడిగేద్దామనే 2022 సంక్రాంతికి బయల్దేరి వెళ్ళాను.

వెళ్ళాక అడగడానికి అది నాకు దొరికితే కదా!

తెల్లవారుజామున నాలుగింటికి దాని రోజు మొదలవుతుంది. పుష్యమాసం చలి, కొబ్బరాకుల మీంచి మంచు టపటపా రాలుతుంటుంది. పాకలో లైటు వెయ్యగానే గేదెలు లేచి నిలబడతాయి. పేడ తీసి, గాడిలో గడ్డి వేసి, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, దూడని వదిలి, చేపు రాగానే దూడని పక్కకి కట్టి పితుకుతుంది. అప్పట్లో గౌరి, చంద్రి, లక్ష్మి అని మూడు పాడివి, వట్టిపోయిన ముసలిదొకటి, ఇవి కాక చంద్రికి పుట్టిన పడ్డ ఒకటి. అన్నీ ముర్రా జాతివే, మెలి తిరిగిన పొట్టి కొమ్ములు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. పొద్దున పదమూడు లీటర్లు, సాయంత్రం తొమ్మిదో పదో. ఇంటి వాడకానికి ఉంచుకుని మిగతావి క్యాన్లో పోసుకుని బావగారు సైకిల్ మీద పాలకేంద్రానికి పట్టుకెళతారు. అక్కడ మిషన్‌లో చెంచాడు పాలు పెట్టి వెన్న శాతం చూస్తారు. ఏడుకి పైన వస్తే బావగారు ఈల వేసుకుంటూ వస్తారు, ఆరుకి దిగితే మాట్లాడకుండా వచ్చి గడ్డిలోకి తొంగిచూస్తారు.

పాలు అయ్యాక కూరగాయలు. ఎకరంన్నరలో వంగ, బెండ, దొండపాదు, గట్టు వెంట కంద, పెండలం. పేడంతా గెత్తం చేసి ఆ చేలోకే తోలతారు, చేలో రాలినవీ పుచ్చువీ గేదెలకి వేస్తారు. ఒకదాన్ని ఒకటి పోషించుకుంటాయన్నమాట. కనుమ నాడు కందా బచ్చలీ కూర వండింది. ఆవ పెట్టి, పైన ఇంట్లో కాచిన నెయ్యి వేసి... హైదరాబాద్‌లో నేనూ అదే చేస్తాను, అదే కొలత, ఆ రుచి రాదు. ఆ నెయ్యే వేరు. దాలిగుంటలో పిడకల మీద మట్టికుండలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు కాగి కాగి ఎర్రబడతాయి. వాటి మీద అరంగుళం మీగడ. తోడుపెట్టి కవ్వంతో చిలికిన వెన్న. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఆత్రేయపురం పూతరేకులకి అంత పేరు రావడంలో నేతికి సగం వాటా ఉందని నేనంటాను.

ఆ మూడు రోజుల్లో మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నది మహా అయితే గంట. నేను అడగాలనుకున్నది అడగలేదు. బస్సెక్కే ముందు అదే అంది. "ఆ పడ్డ ఉంది చూశావా, వచ్చే ఏడు తొలిసారి ఈనుతుంది. ఈనగానే అమ్మి మన పిల్లకి గొలుసు చేయిస్తా. పెళ్ళికి చేతిలో డబ్బు ఆడలేదే." నేను "ఎందుకే ఇప్పుడవన్నీ" అన్నాను గానీ కోపం సగం దిగిపోయింది. సగమే.

మళ్ళీ ఏప్రిల్లో వెళ్ళాను. అప్పుడే కొత్త జిల్లాలొచ్చాయి, నాలుగో తేదీ నుంచి కోనసీమ వేరే జిల్లా అయింది. "జిల్లా మారింది గానీ పత్తిచెక్క ధర మాత్రం పైకే పోతోంది" అన్నారు బావగారు. ఎండాకాలం పాడికి గడ్డుకాలం. గేదెకి చెమట పట్టే గుణం తక్కువట, అందుకే నీళ్ళలో పడుకోవాలని చూస్తుంది. మధ్యాహ్నం పాయలోకి తోలితే ముక్కులు మాత్రం పైకి పెట్టి సాయంత్రం దాకా లేవవు. పాలు సగానికి సగం పడిపోయాయి. వరి కోశాక చల్లిన జనుమూ పిల్లిపెసరా ఎండబెట్టి ఉంచుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే తవుడూ చెక్కా కొనే పాటికి పాల డబ్బు మొత్తం వాటికే.

ఆ ఎండల్లో ఒకసారి పాలబండి రాలేదు. పదకొండు లీటర్లు మిగిలిపోయాయి. నేను ఉత్సాహంగా "పనీర్ చేద్దామే" అన్నాను. మా అమ్మాయి చిన్నప్పుడు డిక్షనరీలో చూసి "చీజ్ అంటే జున్ను అని రాశాడమ్మా" అంటే నవ్వుకున్నాను. మన జున్ను వేరు, చీజ్ వేరు, పనీర్ వేరు.

అక్కకి మాత్రం పాలు చేజేతులా విరగ్గొట్టడమంటే మనసొప్పలేదు. "పాలు విరిగితే ఇంటికి మంచిది కాదంటారే, నువ్వేమో నిమ్మకాయ పట్టుకొచ్చావు!" అని పొయ్యి దగ్గర్నుంచి లేచిపోయింది. నేనే చేశాను. పాలు పొంగు రాగానే మంట తగ్గించి, లీటరుకి రెండు చెంచాల నిమ్మరసం కొంచెం కొంచెంగా వేస్తూ కలిపితే, తరక వేరై పచ్చటి నీళ్ళు విడిపోతాయి. పల్చటి గుడ్డలో వడగట్టి, ఒకసారి చన్నీళ్ళు పోసి, మూటకట్టి పైన రుబ్బురోలు పొత్రం బరువు పెట్టాను. గేదెపాలు కదా, లీటరుకి రెండు వందల గ్రాముల పైనే వచ్చింది. విరిగిన నీళ్ళు పారబొయ్యకుండా కుడితిలో పోశాం. రాత్రి బఠాణీ వేసి కూర చేస్తే బావగారు "మెత్తటి రబ్బరులా ఉంది, బాగానే ఉంది" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ తెలియదు. అక్క ముద్ద ముట్టలేదు.

జూన్‌లో అంతా ఫోన్ కబుర్లే. గొంతువాపు టీకాలు వేయించారు, వానలు పడకముందే వేయించాలట. గౌరికి చూడి నిలిచిందని తేలింది. పడ్డకి కూడా నిలిచింది. బెండకాయకి ధర లేదు, వంకాయకి పుచ్చు. దొండకాయ ఒక్కటే ఆదుకుంటోంది.

జూలైలో వరద వచ్చింది.

లంకవాళ్ళకి వరద కొత్తేం కాదు. భద్రాచలంలో ఎన్నడుగులుందో వింటారు, ఆ నీళ్ళు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది కాబట్టి ఆలోపు సర్దుకుంటారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా అక్కకి మనకి గ్యాసు బండ ధర తెలిసినంత బాగా తెలుసు. అయితే మామూలుగా పెద్ద వరద ఆగస్టులో వస్తుంది. 1986లో వచ్చినదీ ఆగస్టులోనే, భద్రాచలంలో 75 అడుగులు దాటింది. అక్క అత్తగారు ఆ వరద గుర్తు గోడమీద సున్నంతో గీసి ఉంచారు. 2022లో జూలై నెల సగం కాకుండానే వచ్చిపడింది. 16వ తేదీకి భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి వదిలిన నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. నేను ఇక్కడ టీవీ ముందు కూర్చుని కింద వచ్చే అక్షరాలు చదవడం, ఫోన్ కొట్టడం. ఫోన్ కలవదు. కరెంటు లేక చార్జింగు పోయిందని తర్వాత తెలిసింది. మా వారు "ఏం కాదులే" అంటూనే తనూ నిద్రపోలేదు.

నాలుగో రోజు ఎవరి ఫోన్ నుంచో చేసింది. "గట్టు మీదున్నామే. ఇంట్లోకి నడుము లోతు వచ్చింది. మేం బాగానే ఉన్నాం. గేదెలు బాగానే ఉన్నాయి. పాలబండి రాలా, గట్టు దాకా దారి లేదు. చూస్తూ చూస్తూ గోదాట్లో ఎలా పొయ్యనే? గట్టు మీద పిల్లలున్న వాళ్ళందరికీ పోశాను, ఇంకా మిగిలాయి. నువ్వు చేసిన విరుగుడు ముద్ద చేశా. నిమ్మకాయ ఎక్కడ దొరుకుతుంది, పుల్లమజ్జిగ పోసి విరగ్గొట్టా. ఉప్పేసి పిల్లల చేతుల్లో పెడితే తిన్నారే! బాగానే ఉంది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడు ఇటుకల పొయ్యి, తడి కొబ్బరిమట్టలు, పైన టార్పాలిన్, దాని మీద వాన. ఆరు రోజులు అక్కడే ఉన్నారు. పితకడం ఒక్క పూట కూడా మానలేదు. పితక్కపోతే పొదుగు వాచిపోతుంది మరి.

కానీ అది ఒక మాట దాచింది. ఆగస్టు మధ్యలో మళ్ళీ వరదొచ్చి తగ్గాక, సెప్టెంబరు మొదట్లో నేను బయల్దేరి వెళ్ళాను. పడవ దిగి నడుస్తుంటే ఊరు గుర్తుపట్టలేకపోయాను. చేలన్నీ ఒండ్రు మట్టి కింద చదునుగా, మెరుస్తూ, అక్కడక్కడా అరటిబోదెలు వాలిపోయి, ఒకటే కుళ్ళు వాసన. గడ్డివాము సగం కొట్టుకుపోయింది, మిగతా సగం ముక్కిపోయింది. పాకలో లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

"పడ్డేదే?" అన్నాను. అక్క వినిపించుకోనట్టు లోపలికి వెళ్ళిపోయింది. బావగారే చెప్పారు. దూడల్ని పడవలో ఎక్కించి, పెద్దవాటిని ఈదిస్తూ గట్టుకి తోలుకొస్తుంటే, పాయ మధ్యలో పడ్డ వెనక్కి తిరిగిందట. ఇంటివైపు. "పశువు కదమ్మా, ఇల్లే తెలుసు దానికి. పిలిచాను. మీ అక్క గట్టు మీంచి గొంతు చించుకుని పిలిచింది. వడిలో పడిపోయింది." అంతే అన్నారు. తువ్వాలు దులుపుకుంటూ లేచిపోయారు.

ఆ రాత్రి అక్క నా పక్కన పడుకుని "పిల్ల గొలుసు పోయిందే చిన్నీ" అంది. గొలుసు గురించి దానికి ఎన్నడూ చెప్పనైనా లేదు నేను. ఏం మాట్లాడాలో తెలియక దాని చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ కణుపులు గట్టిపడి కాయలు కాసి ఉన్నాయి.

నాలుగు రోజులుందామని వెళ్ళినదాన్ని పదిహేను రోజులు ఉండిపోయాను. రెండో రోజే దానికి జ్వరం వచ్చింది. బావగారికి కుడిచెయ్యి వణుకుతుంది, చాలా ఏళ్ళుగా ఆయన పితకలేరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా పెళ్ళినాడు ఆ లెక్క వేసుకోలేదు చూడండి! పక్కింటావిడ ఒక పూట వచ్చి పితికింది, ఆవిడకి ఆవిడ గేదెలున్నాయి. మర్నాడు నేనే కూర్చున్నాను. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్యే గానీ ముప్ఫై ఏళ్ళయింది. గౌరి నన్ను ఒకసారి వాసన చూసింది, అంతే, పాలు ఎగబట్టేసింది. చుక్క రాలదు! దూడని వదిలినా లాభం లేదు. అక్క మంచం మీంచి "నా చీర కట్టుకోవే మొద్దూ" అని అరిచింది. పాక చీర, పేడ మరకలతో ఉన్నది, కట్టుకుని వెళ్ళి కూర్చుంటే అప్పుడు చేపింది. మొదటిరోజు లీటరున్నరకే చేతులు పడిపోయాయి. గంటన్నర పట్టింది. అన్నం ముద్ద కలుపుకోవడానికి వేళ్ళు ముడుచుకోలేదంటే నమ్మండి.

నేను పొదుగులో పాలు పూర్తిగా తియ్యలేకపోయానేమో, మూడోనాటికి లక్ష్మికి ఒక చన్ను గట్టిపడి వేడిగా అయింది. పొదుగువాపు. డాక్టరుగారు పడవ మీద వచ్చి ఇంజెక్షన్ ఇచ్చారు. దాంతోపాటు కలబంద పావుకిలో, పసుపు యాభై గ్రాములు, సున్నం ఒక పదిహేను గ్రాములు కలిపి రుబ్బి, పాలు పిండేశాక రోజుకి పది సార్లు పొదుగంతా రాయమన్నారు. నాలుగు రోజులకి తగ్గింది. ఒక్కపూట తేడాకే ఇంత! ఆ రోజు పెళ్ళిపందిట్లో అక్క బస్సు టైము చూసుకుంటూ కూర్చున్నది నాకు కళ్ళముందు కనిపించింది. నేను అడగాలనుకున్న మాట ఇక అడగలేదు. అదీ ఏమీ చెప్పలేదు.

ఆ వారంలోనే మా అక్క కొడుకు వచ్చాడు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం, మంచి పిల్లాడు. "అన్నీ అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యండి. పిన్నీ, నువ్వైనా చెప్పు" అన్నాడు. వాడన్నదీ తప్పు కాదు. యాభై రెండేళ్ళ మనిషి ఏటా వరదలో గట్టెక్కి కూర్చోవడమేంటి? అక్క జవాబు చెప్పకుండా లోపల్నుంచి పాలకేంద్రం పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టింది. పదిహేను రోజులకోసారి పడిన డబ్బు. జూలై రెండో సగంలో తక్కువే, ఆగస్టులో కొంచెం, కానీ ఏ పదిహేను రోజులకీ సున్నా లేదు. "చేలో మూడు నెలలుగా రూపాయి రాలేదు. ఈ మూడు నెలలూ ఇల్లు ఎలా గడిచిందనుకున్నావు?" అంది. "నేను పంపిస్తాగా అమ్మా" అన్నాడు వాడు. "నువ్వు పంపితే నీ డబ్బు. ఇది నాది" అంది. నేను వంటింట్లో కూర చూసుకునే వంకతో లేచి వెళ్ళిపోయాను. నా పేరున బ్యాంకు పుస్తకం ఉంది గానీ దాన్లో నా చేత్తో సంపాదించిన రూపాయి ఒకటి కూడా లేదు.

అయినా పంతం నెగ్గాలంటే గడ్డి ఉండాలి కదా. ఉన్న గడ్డంతా పోయింది, కొందామంటే మండిపోతోంది. చివరికి రెండిటిని అమ్మారు, చంద్రినీ లక్ష్మినీ. ముసలిది వట్టిపోయింది కాబట్టి ముందు దాన్ని తోలేయండన్నాడు బేరగాడు. అది ఎక్కడికి వెళుతుందో అందరికీ తెలుసు. అక్క ఒప్పుకోలేదు. పాలిచ్చేవాటిని అమ్మి పాలివ్వనిదాన్ని మేపుతున్నావని కొడుకు విసుక్కున్నాడు. నిజానికి నాకూ అలాగే అనిపించింది. కొన్నది దూరపు వాళ్ళు కాదు, గట్టుకి అవతల ఊరివాళ్ళే. చంద్రిని పడవ దగ్గరికి తోలుతుంటే అక్క బయటికి రాలేదు. పలుపుతాడు మాత్రం ఇవ్వలేదు. పశువునమ్మినా పలుపునివ్వకూడదంటారు.

దసరా అయ్యాక ఒండ్రు ఆరింది. లంకల్లో ఒక విచిత్రం ఏమిటంటే, గోదారి ముంచి తీసుకెళ్ళిన చోటే మెత్తటి మట్టి పరిచి వెళుతుంది. దాన్లో ఏ విత్తనం వేసినా పిచ్చిగా వస్తుంది. కార్తీకమాసంలో ముల్లంగి, వంగ, చిక్కుడు వేశారు. ఎరువు పెద్దగా వెయ్యలేదు. డిసెంబరులో బావగారు ఫోన్‌లో "అమ్మాయ్, వంకాయ కాపు చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. ధర కూడా ఉంది" అన్నారు. ఆయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు. ఈల కూడా వేసే ఉంటారు.

గౌరి 2023 జనవరి మొదటివారంలో ఈనింది. రాత్రి పదకొండింటికి అక్క ఫోన్. "ఏవే, పడుకున్నావా? గౌరి ఈనిందే. మాయ కూడా పడిపోయింది. దున్నదూడ." గొంతులో ఉసూరుమనడం తెలుస్తూనే ఉంది. పడ్డ పుడుతుందని ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. "పోన్లే, తల్లి బాగుంది. పొదుగు నిండా పాలున్నాయి" అని తనే అనుకుంది. ఈనిన గంటలోపే దూడకి ముర్రుపాలు తాగించాలి, దాని కడుపు నిండాకే మనకి. మూడో పూట పాలు సీసాలో పోసి, చుట్టూ ఐసు పెట్టి, తెలిసిన డ్రైవరు చేత హైదరాబాద్ బస్సులో పంపించింది.

జున్ను చెయ్యడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియని పిల్లలకోసం రాస్తున్నాను. ఈనిన రోజు పాలైతే చిక్కన, ఒక గ్లాసుకి మూడు నాలుగు గ్లాసుల మామూలు పాలు కలపాలి. రెండో రోజువైతే ఒకటికి ఒకటి చాలు. మూడో రోజువి ఏమీ కలపకుండానే. తియ్యదనానికి సరిపడా బెల్లం తరిగి కరిగేదాకా కలిపి వడగట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి వెయ్యాలి. మిరియం కొంచెం ముందుండాలి, అప్పుడే కమ్మదనం. గిన్నె మీద మూత పెట్టి, కుక్కర్లో నీళ్ళు పోసి, వెయిట్ పెట్టకుండా ఇడ్లీలా ఆవిరి మీద ఉడికిస్తే అరగంటకి గట్టిపడుతుంది. పుల్ల గుచ్చితే అంటకూడదు. చల్లారాక కొయ్యాలి, తొందరపడితే చెదిరిపోతుంది.

మా అమ్మాయీ అల్లుడూ ఆ రోజు ఇక్కడే ఉన్నారు. అల్లుడికి జున్ను ఎప్పుడూ తెలియదట, గిన్నె సగం ఖాళీ చేశాడు. గొలుసు సంగతీ, పడ్డ సంగతీ అప్పుడు చెప్పాను వాళ్ళకి. మా అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సంక్రాంతికి పెద్దమ్మ దగ్గరికి వెళదాం" అంది.

అందరం వెళ్ళాం. మట్టిరోడ్డు అప్పటికింకా కొంతే వేశారు, కొంత దూరం పడవ, కొంత నడక. కొత్త అల్లుడని అక్క వంటింట్లోనే ఉంటుందనుకుంటే, సాయంత్రం అయిదయ్యేసరికి మామూలే, పాక చీర కట్టుకుని వెళ్ళిపోయింది. మా అమ్మాయి వెనకాలే వెళ్ళింది. గౌరిని ముట్టుకోవడానికి భయపడుతూ దూరంగా నిలబడితే "రావే, కరవదు" అని దాని చేతిలో దూడ పలుపు పెట్టింది అక్క. చంద్రి పలుపే అది. ముసలిది పక్కనే నెమరు వేసుకుంటోంది. దానికీ చూడి కట్టినట్టే ఉందని, డాక్టరుగారు చూసి చెప్పాలని అంది.

ఎవరైనా అటు వెళ్ళాలనుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. పాయలో దారి ఉంటుంది, చేలు పచ్చగా ఉంటాయి, పాలూ బాగా ఉంటాయి. జూలై నుంచి అక్టోబరు దాకా పడవ వాళ్ళని కనుక్కోకుండా బయల్దేరకండి. ఒక దుప్పటీ, పాత చీర ఒకటీ పట్టుకెళ్ళండి. నాలుగింటికి లేపేస్తారు.